కారు కింద చెక్కలు

తిరువూరు బస్టాండు ఎదుట, ఫొటో స్టూడియో పైగదిలో ప్రైవేటు డిటెక్టివ్ సామ్రాజ్యం టీ తాగుతుండగా హన్నమ్మ మెట్లెక్కి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా తమ్ముడు యేసుబాబు మెకానిక్కండి. రిపేరు చేస్తుంటే కారు మీద పడి చచ్చిపోయాడు. కారెత్తి పెట్టిన చెక్క స్టాండ్లు చేసింది మా ఆయనే. పుచ్చు చెక్క పెట్టి చంపాడంటున్నారు. షెడ్డు ఓనరు జగన్నాథరావుగారు కేసు కూడా పెట్టారు. నిజమేంటో చెప్పండి మేడం. మా ఆయన తప్పే అయితే ఇంక ఆ ఇంట్లో ఉండను."

అసిస్టెంటు ప్రేమ్ కిరణ్ నోట్‌బుక్ తీశాడు. మేడం నోరు విప్పితే చాలు, అతనికి ఆణిముత్యమే.

షెడ్డులో విరిగిన స్టాండ్లు అలాగే ఉన్నాయి. అడ్డంగా, నిలువుగా పేర్చి మేకులు కొట్టిన చెక్కలు. పైన నల్లటి కాలిన ఆయిలు పూత. సామ్రాజ్యం ఒక మేకు లాగి చూసింది. దాని చుట్టూ చెక్క చీలి, లోపల తెల్లగా ఉంది.

పోలీసు స్టేషన్లో ఉన్న హన్నమ్మ భర్త జోజిబాబు తలెత్తలేదు.

"ఏం చెక్క వాడావయ్యా?"

"నల్లతుమ్మండి. మేకు ఓ పట్టాన దిగి చావదు. ప్రతి మేకుకీ ముందు బర్మాతో కన్నం వేశాను."

జగన్నాథరావు తన ఇంట్లో మర్యాదగా కుర్చీలు వేయించాడు. "షెడ్డు మొహం చూసి నెలయిందమ్మా. బంగారంలాంటి కుర్రాడు పోయాడు. ఆ వడ్రంగిని మాత్రం వదలకూడదు."

వాకిట్లో కవరు కప్పిన పాత కారు ఉంది. దాని వెనక టైర్లు నేలకు జానెడు పైన ఉన్నాయి. ప్రేమ్ కిరణ్ కవరు రంగు రాసుకున్నాడు.

మర్నాడు సామ్రాజ్యం అందరినీ ఆ వాకిట్లోకే పిలిపించింది. ఎస్సై జోజిబాబును తీసుకొచ్చాడు.

"విరిగినవి మామిడి చెక్కలు. కన్నం వేయకుండా మేకులు కొట్టారు, అందుకే చీలాయి. అది వడ్రంగి పని కాదు. మరి తుమ్మ స్టాండ్లేవి?" అంటూ కవరెత్తింది. కారు కింద రెండు స్టాండ్లు. ప్రతి మేకూ కన్నంలో కుదురుగా కూర్చుని ఉంది. "తన కారు టైర్లు చెడకూడదని ఈయన వీటిని ఇంటికి తెచ్చుకున్నారు. అక్కడ మామిడివి కొట్టి పెట్టారు."

జగన్నాథరావు మొహం పాలిపోయింది. "మామిడైనా ఆగుతుందనుకున్నానమ్మా. నాకేం తెలుసు?"

"తెలియకపోతే ఆయిలెందుకు పూశారు? చెక్క గుర్తుపడితే యేసుబాబు కారు కింద దూరడనేగా!"

ఎస్సై జోజిబాబును వదిలేసి జగన్నాథరావు చెయ్యి పట్టుకున్నాడు. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు, కేసు పెట్టిందీ ఈయనే! ఛీ, ఏం పెద్దమనిషి!

హన్నమ్మ ఏడుస్తూ వెళ్లి భర్త చెయ్యి పట్టుకుంది. "పదయ్యా, ఇంటికి పోదాం."

జోజిబాబు మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

"వాణ్ణి నా చేతుల మీద పెంచాను. పిడికెడు మట్టి కూడా వేయలేకపోయాను. భూస్థాపన రోజు నన్ను గేటు దగ్గరే ఆపెయ్యమన్నది నువ్వే కదా."

అతను ఒక్కడే సమాధుల తోట వైపు నడిచాడు.