గోడవైపు ఊపిరి

నేను ఇంతవరకు ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. బేంకులో సంతకం పెట్టడం తప్ప నాకు కలంతో పనేమీ లేదు. నలుగురిలో మాట్లాడటం కూడా చేతకాదు. ఎవరైనా పలకరిస్తే కొంగు సర్దుకుని లోపలికి పోయే మనిషిని. ఈ సంగతి నోటితో ఎవరికీ చెప్పలేను, అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నా పేరు దేవుడమ్మ. మాది నర్సీపట్నం, పెదబొడ్డేపల్లిలో ఉంటాం. మా ఆయన పోయాక తమ్ముడు బుల్లిబాబు నన్ను తన ఇంటికి తెచ్చేసుకున్నాడు. వాడు కృష్ణదేవిపేట రూటులో షేర్ ఆటో తోలేవాడు. అబీద్ సెంటర్లో నిలబడి "కిష్ణదేవిపేట, కిష్ణదేవిపేట" అని వాడు కేకేస్తే, బస్సు కోసం కాసుకున్నవాళ్లు కూడా వచ్చి ఆటో ఎక్కేసేవారు. అంత గొంతు వాడిది.

ముందు ఆ గొంతే పోయింది. మాట ముద్దముద్దగా వచ్చేది. తాగి తోలుతున్నాడని పాసింజర్లు దిగిపోయేవారు. వాడు ఏనాడూ చుక్క ముట్టలేదు. తరవాత చేతులు పడిపోయాయి, ఆ తరవాత కాళ్లు. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు జబ్బు పేరేదో ఇంగ్లీషులో చెప్పాడు, అది నాకు నోరు తిరగదు. ఇంటికొచ్చి చూసే నర్సు మణి మాకు అర్థమయ్యేలా చెప్పింది. కండని కదిపే నరాలు ఒక్కొక్కటే ఎండిపోతాయట. తెలివి పోదు, చూపు పోదు. ఒంట్లో ఏం జరుగుతున్నదీ మనిషికి తెలుస్తూనే ఉంటుందట. అది విని మా మరదలు భవాని కుళాయి దగ్గరికెళ్లి, నీళ్లు తిప్పుకుని ఏడ్చింది, వాడికి వినపడకూడదని.

భవాని జీడిపిక్కల పనికి పోవాలి. అందుకని పగలంతా వాడి దగ్గర నేనే. ఒళ్లు తుడవడం, పక్కకి తిప్పడం, పొట్టకి పెట్టిన గొట్టంలో జావ పొయ్యడం, గొంతులో కఫం లాగడం, అన్నీ మణే నేర్పింది. మంచం గోడకి ఆనించి వేశాం. గోడకీ మంచానికీ మధ్య అరచెయ్యి కూడా దూరదు. ఇవతల పక్క స్టూలు మీద ఊపిరి మిషన్. మూతికి మాస్కు పెడితే అది గాలి లోపలికి తోస్తుంది. దాని చప్పుడుకి మా ఇల్లు ఎంత అలవాటు పడిపోయిందంటే, అది ఆగితే పడుకున్న పిల్లి కూడా తలెత్తి చూసేది.

"కరెంటు పోయి మిషన్ ఆగితే మాస్కు తీసెయ్యండి దేవుడమ్మగారూ," అని మణి చెప్పింది. "తనంతట తను కాసేపు తీసుకోగలడు. ఊపిరి వినపడుతున్నంతసేపూ కంగారు పడొద్దు. వినపడకపోతే మాత్రం ఈ రబ్బరు సంచి మూతికి గట్టిగా పెట్టి నొక్కుతూ ఉండండి."

వాడితో మాట్లాడే పద్ధతి మాత్రం మణి నేర్పింది కాదు, మా ఇద్దరిదీ. నాకొచ్చిన చదువు గుణింతాలే. నేను పైకి చదువుతాను. అ, క, చ, ట, త, ప, య. వాడు కళ్లు మూసిన చోట ఆగి ఆ వరస చదువుతాను. అక్షరం దొరికాక బళ్లో పాడినట్టే, కకు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, అని పాడతాను. వాడు మళ్లీ కళ్లు మూస్తాడు. అలా ఒక్కో అక్షరం ఏరుకుని మాట కట్టుకునేవాళ్లం. వాడు మొదట చెప్పిన మాట ఏటో తెలుసా, "నీ పాట బాగోనేదు". నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పుస్తకంలో మాటల్లా కాదు, మేం మాట్లాడుకున్నట్టే చెప్పేవాడు, నేను అని కాదు, నాను అని. నేను చ అనాల్సిన చోట స అంటానని మణి నవ్వింది ఒకసారి. వాడు ఓపిగ్గా ఒక్కో అక్షరం చెప్పి, చివరికి తేల్చిందేటంటే, "మా యాస మాది". మణి వాడికి దణ్ణం పెట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ వాన. ఇన్వర్టర్ బేటరీ పాతదైపోయి రిపేరుకిచ్చాం. అది తయారయిందని ఫోనొస్తే, భవాని ఎదురింటి జోగులు ఆటోలో తేవడానికెళ్లింది. దీపాలు పెట్టే వేళ. గాలి లేచింది. తడి మట్టి వాసన, దాని కింద డెట్టాలు వాసన, వాడి తలకి రాసిన కొబ్బరినూనె వాసన.

కరెంటు పోయింది.

మిషన్ ఒకసారి కుయ్యిమని ఆగిపోయింది. మణి చెప్పినట్టే మాస్కు తీసేశాను. కొవ్వొత్తి వెలిగిస్తే గాలికి ఆరిపోయింది, మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆరిపోయింది. భవానికి ఫోన్ చేశాను. వానలో సగం మాటే వినపడింది, "ఒస్తన్నాం వదినా, బయల్దేరిపోనాం". అంతే, ఫోన్లో చార్జింగ్ అయిపోయింది.

చీకట్లో మంచం పట్టె మీద కూర్చుని చెవి ఒగ్గాను.

ఊపిరి వినపడింది.

నిదానంగా... నిండుగా... లోపలికి, బయటికి. గురక లేదు, కఫం గరగర లేదు. జబ్బు రాకముందు, ఆటో తోలి అలిసిపోయి పడుకున్నప్పుడు తీసేవాడే, అలాంటి ఊపిరి. నా గుండె కుదుటపడింది. చేతిలో సంచి ఒళ్లో పెట్టుకున్నాను. దేవుడు కరుణించాడనుకున్నాను. భవాని బేగి వచ్చి ఇది వింటే ఎంత సంబరపడుతుందో అనుకున్నాను.

"బాగా తీస్తన్నావు తమ్ముడూ," అన్నాను. "అలగే తీసుకో."

చీకట్లో వాడి కళ్లు కనపడవు కాబట్టి వేలు తీసి రెప్ప మీద ఆనించాను. రెప్ప టపటపా కొట్టుకుంది. మాట్లాడతానని దాని అర్థం. కరెంటొచ్చాక మాట్లాడుకుందాం, ఇప్పుడు అలిసిపోకు అన్నాను. రెప్ప ఆగలేదు. పిచిక రెక్కలాగ నా వేలి కింద కొట్టుకుంటూనే ఉంది.

సరేనని మొదలుపెట్టాను. అ... క... చ... ట... త.

రెప్ప మూసుకుంది.

త, థ, ద, ధ, న. మూసుకుంది. నకు దీర్ఘమిస్తే నా. మూసుకుంది.

మళ్లీ మొదటినుంచి. మళ్లీ న. కొమ్మిస్తే ను.

మళ్లీ. ఈసారి క. దీర్ఘమిస్తే కా.

రెప్ప కదలిక తగ్గిపోతోంది. నిద్దరొస్తోందేమో అనుకున్నాను. ఊపిరి మాత్రం చక్కగా, నిదానంగా ఆడుతూనే ఉంది.

త వరస. ద. దకు కొమ్మిస్తే దు.

నా... ను... కా... దు.

"నువ్వు కాదా? ఏటి నువ్వు కాదు తమ్ముడూ?"

రెప్ప ఇంక కదల్లేదు.

నాను కాదు. రెండో చెయ్యి వాడి రొమ్ము మీద వేశాను. రొమ్ము లేవడం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాను. గాలి లేదు. కానీ నా చెవికి వినపడుతూనే ఉంది... లోపలికి, బయటికి. వాడి తల మీదుగా వంగి విన్నాను. అది వాడికి అవతల నుంచి వస్తోంది. గోడవైపు నుంచి. అరచెయ్యి దూరని చోటినుంచి.

నేను కేక వెయ్యలేదు. నాకు కేక రాదు. సంచి తీసి వాడి మూతికి అదిమిపెట్టి నొక్కాను.

నొక్కాను... గోడవైపు ఊపిరి లోపలికి పీల్చుకుంది.

వదిలాను... అది బయటికి వదిలింది.

వాడి రొమ్ము లేవలేదు. మళ్లీ నొక్కాను. నా బలమంతా పెట్టి నొక్కాను. నేనిచ్చిన గాలంతా అటే పోయింది. అది కడుపారా తాగుతోంది. "ఆడికొదిలెయ్యి," అని గొణిగాను. "ఆడికొదిలెయ్యి నాయనా, ఆడికి సాలదు." అది నా చేతులతో పాటే పీల్చింది, నా చేతులతో పాటే వదిలింది. ఎంతసేపు నొక్కానో తెలీదు. వాన శబ్దం కూడా వినపడటం మానేసింది. ఆ ఊపిరే.

వాకిట్లో ఆటో ఆగింది. భవాని తడిసిపోయి పరుగున వచ్చి గడప దగ్గర నిలబడింది. చీకట్లోనే ఆమెకీ వినపడింది. ఆమె నవ్వింది.

"అమ్మయ్య. ఊపిరి తీస్తన్నాడు వదినా," అంది.

అంతలో కరెంటొచ్చింది. మిషన్ తనంతట తనే బుస్సుమని మొదలైంది, కింద పడున్న మాస్కులోంచి గాలి నేల మీదికి పోతోంది. బుల్లిబాబు కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తున్నట్టు కాదు, అవతల పక్క గోడని చూస్తున్నట్టు ఉన్నాయి. భవాని నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తరవాత మెల్లగా జారిపోయింది. జోగులు గుమ్మంలో బేటరీ పట్టుకుని నిలబడ్డాడు, దాన్ని ఎక్కడ దించాలో తెలీక.

మణి వానలోనే వచ్చింది. ఇది ఎప్పుడైనా జరిగేదే, మీ చేతుల్లో ఏమీ లేదు అని నా వీపు రాసింది. ఆఖర్లో ఏమైనా చెప్పాడా అని భవాని నన్నడిగింది. ఏమీ చెప్పలేదన్నాను. గాలి కావాలని అడగొచ్చు వాడు. పెళ్లాం పేరు చెప్పొచ్చు. కూడగట్టుకున్న ఆ కాస్త సత్తువా నన్ను హెచ్చరించడానికి ఖర్చు పెట్టేశాడు. ఆ మాట భవానికి ఎలా చెప్పను?

తెల్లారేసరికి వాన వెలిసింది. వాడిని వరండాలో పడుకోబెట్టారు. చుట్టాలు నక్కపల్లి నుంచి, కొయ్యూరు నుంచి వస్తున్నారు. ఏడుపులతో ఇల్లంతా నిండిపోయింది. దుప్పటి తెమ్మంటే నేను వాడి గదిలోకి వెళ్లాను. మంచం ఖాళీగా ఉంది. మిషన్ ప్లగ్గు మణి రాత్రే తీసేసింది.

గోడవైపు ఊపిరి ఆడుతోంది.

దుప్పటి పట్టుకుని మంచం పట్టె మీద కూర్చున్నాను. ఒకవేళ వాడేనేమో అనిపించింది. వాడైతే మొదట నన్నే పిలుస్తాడు, దేవుడమ్మా అని కాదు, అక్కా అని. అ దగ్గరే ఆగాలి. బయటివాళ్లకి వినపడకుండా, గోడకి మొహం దగ్గరగా పెట్టి, అ అన్నాను.

ఊపిరి ఆగలేదు. చాలాసేపు చూశాను. మళ్లీ అ అన్నాను, బతిమాలుకుంటున్నట్టు. ఆగలేదు.

అక్కడితో లేచి వచ్చేయాల్సింది. కానీ నోరు అలవాటుగా చదువుకుంటూ పోయింది. క... చ... ట... త.

ఊపిరి ఆగింది.

త, థ, ద. ఆగింది.

దకు దీర్ఘమిస్తే దా, గుడిస్తే ది, గుడి దీర్ఘమిస్తే దీ, కొమ్మిస్తే దు, కొమ్ము దీర్ఘమిస్తే దూ, ఎత్వమిస్తే దె, ఏత్వమిస్తే దే.

ఆగింది.

ఆ తరవాతి అక్షరం నేను అడగలేదు. దుప్పటి మడతపెట్టుకుని వరండాలోకి వచ్చి, ఆడవాళ్ల మధ్యలో కూర్చున్నాను.