పదకొండడుగుల నాలుగంగుళాలు

ఐదింటికే తెల్లారిపోయే ఊరు పోర్ట్‌బ్లెయిర్. ఆరయ్యేసరికి మిన్నీ బేలోని రమణయ్య ఇంట్లో మూడు చప్పుళ్లు వినిపించాలి. వంటింట్లో సుందరి కొబ్బరి తురిమే చప్పుడు, వరండాలో అతని ముసలి తల్లి యర్రమ్మ దగ్గు, పెరట్లో హిమబిందు బంతి నేలకేసి కొట్టే చప్పుడు. ఆ మంగళవారం మొదటి రెండే వినిపించాయి. మూడో చప్పుడు చెయ్యాల్సిన మనిషి తన గదిలో, బీరువాలోని బట్టలన్నీ మంచం మీద కుమ్మరించి, నడుమ్మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా! నా పాస్‌పోర్ట్ ఏది?"

కొబ్బరి తురుము టక్కున ఆగింది. "నాకేటి తెలుసు? మీ నాన్న టూల్ పెట్టె జోలికి నేను అసలు వెళ్లను గదా!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే. టూల్ పెట్టె మాట ఇప్పుడెవరెత్తారు? హిమబిందు వంటింటి గడపలో వచ్చి నిలబడింది. కూతురి మొహం చూసి సుందరి తల వంచుకుని లేని కొబ్బరిని తురమడం మొదలుపెట్టింది.

"తాళం వేశాడా?"

"నన్నడక్కే తల్లీ. మీ ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను."

గురువారం విమానం. మధ్యలో మిగిలింది ఒక్క రోజు.

ముప్పై ఒక్కేళ్ల హిమబిందుకు బాస్కెట్‌బాల్ ఆటే ఉద్యోగం. పద్దెనిమిదో ఏట స్కాలర్‌షిప్ మీద అమెరికాలో ఒక చిన్న కాలేజీ జట్టుకు ఆడడానికి వెళ్లింది. నాలుగేళ్లు మంచులో చదువూ ఆటా. ఆ తర్వాత పోలండ్‌లో, గ్రీసులో, మళ్లీ పోలండ్‌లో జీతానికి ఆడింది. ఇక్కడ స్కూల్లో ఆమెను ఒంటె అని ఏడిపించారు. అక్కడికెళ్తే పొట్టిదన్నారు. ఆ క్లబ్బుల్లో జట్టుకి ఇద్దరో ముగ్గురో పరాయి దేశం వాళ్లుంటారు. నాలుగు ఆటలు వరసగా ఓడితే చాలు, ముందుగా వాళ్ల చేతికే తిరుగు టికెట్టు ఇస్తారు. అలాంటి చోట ఎనిమిదేళ్లు నిలబడడమంటే మాటలు కాదు.

నిరుడు ఫిబ్రవరిలో ఆట మధ్యలో మోకాలు మెలిపడి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయింది, కాంట్రాక్టు పోయింది. ఇంటికొచ్చి పది నెలలపాటు ఇసుకలో పరిగెత్తి, మెట్లెక్కి దిగి, ఏడ్చి, తిట్టుకుని ఆ కాలిని దారికి తెచ్చుకుంది. డాక్టరు సరే అన్నాడు. పోర్చుగల్‌లో సముద్రం పక్కన ఉన్న ఒక చిన్న క్లబ్బు ఒక్క సీజన్‌కి రమ్మంది. పన్నెండో తేదీలోగా అక్కడి డాక్టరుకు కాలు చూపించాలి. ఈ పిలుపు జారిపోతే ఇంకో పిలుపు రాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు.

గేటు చప్పుడైంది. రమణయ్య లోపలికొచ్చాడు. ఓడల యార్డులో ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వెనకాలే యార్డులో అతని కింద పనిచేసిన పోలిరాజు, భుజం మీద నిచ్చెన, చేతిలో పైపులు కోసే మిషనూ.

"మిషన్ ఎందుకు బాబాయ్?" అంది హిమబిందు.

పోలిరాజు రమణయ్య వైపు చూశాడు. రమణయ్య పెరట్లోని స్తంభం వైపు చూశాడు. హిమబిందుకు ఎనిమిదేళ్లప్పుడు తన చేత్తో నిలబెట్టిన బాస్కెట్‌బాల్ స్తంభం అది. పైపు తనే తెచ్చాడు, రింగు తనే వెల్డింగ్ చేశాడు, చేపల వల ముక్క కట్టాడు. యార్డు అలవాటు కొద్దీ స్తంభం మీద ఎర్ర రంగుతో, ఆటలో రింగు ఉండాల్సిన ఎత్తు, '10 అడుగులు' అని రాశాడు కూడా.

"దీన్ని తీయించేస్తున్నాను. ఇక్కడ నీ స్కూటరుకి షెడ్డేస్తాను. స్కూల్లో పీటీ టీచరు పోస్టు. పర్మినెంట్. సోమవారం జాయినవుతావని హెడ్మాస్టరు గణేశ్వరరావుగారికి మాటిచ్చేశాను."

"నన్నడక్కుండానే?"

"అడిగితే నువ్వేమంటావో తెలుసు గదే!"

"తెలిసీ ఇచ్చావన్నమాట. నా పాస్‌పోర్ట్ ఇయ్యి నాన్నా."

"ఇవ్వను."

అంత సూటిగా అనేసరికి పోలిరాజు కూడా గతుక్కుమన్నాడు. సుందరి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చింది. వరండాలో యర్రమ్మ దగ్గు ఆపి చెవులు రిక్కించింది.

"నేనేమైనా పదేళ్ల పిల్లనా, దాచిపెట్టడానికి?"

"పదేళ్లప్పుడే నయం, చెప్తే వినేదానివి!" రమణయ్య గొంతు లేచింది. "ఆ రోజు ఆపరేషన్‌కి ముందు ఆస్పత్రిలోంచి ఫోన్ చేశావు. ఏడ్చావా? లేదు. నవ్వావు. 'ఏం పర్లేదు నాన్నా, చిన్న దెబ్బ' అని నవ్వావు. ఆ నవ్వు విని మీ అమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదు. నాకు పాస్‌పోర్ట్ లేదు, దారి తెలీదు, ఆ ఊరి పేరు పలకడానికి నోరు తిరగదు. కూతురి కాలు కోస్తుంటే ఇక్కడ గోడకానుకుని కూర్చున్నాను. ఇంకోసారి నావల్ల కాదు. బస్, హో గయా!"

తండ్రి పెంకితనం తండ్రిదైతే, కూతురికి అందులో వాటా లేకుండా పోతుందా?

"ఆ రోజు ఎందుకు నవ్వానో తెలుసా? నేనేడిస్తే నువ్వు ఇదే అంటావని. ఇంటికొచ్చెయ్ అంటావని. అక్కడ నన్ను ఆపేవాళ్లకి కొదవలేదు నాన్నా. ఏటా ఎవడో ఒకడు లెక్కేస్తాడు, పరాయి పిల్ల, పొట్టిది, ముప్పై దాటింది, ఇప్పుడు కుంటిది. వాళ్లందరికీ జవాబు చెప్పగలను. ఆ వరసలో నువ్వూ నిలబడితే ఎవరికి చెప్పుకోను? ఓడిపోతే ఓడిపోయి వస్తాను. కానీ ఆడి ఓడిపోతాను. పెట్టెలో తాళం పడి కాదు!"

"ఒరే రమణా!" యర్రమ్మ వరండాలోంచే అందుకుంది. "నాను పెళ్లయ్యీ కాగానే మీ అయ్యతో ఈ దేసం ఓడెక్కుతానంటే, మా అయ్య ఇశాపట్నం రేవుకొచ్చి నా ట్రంకుపెట్టి గట్టిగా పట్టుకున్నాడు. పెట్టి లేకపోతే గుంట ఎల్దని ఆడి ధీమా. పెట్టి ఆడికొగ్గీసి కట్టుగుడ్డల్తో ఎక్కీసినాను. ఆ పెట్టి ఏటైపోనాదో నాకిప్పటికీ తెల్దు. పెట్టిలు పట్టుకుంటే ఆడపిల్లలు ఆగిపోతారేట్రా?"

"నువ్వుండమ్మా!" అని కసిరి, రమణయ్య పోలిరాజు వైపు తిరిగాడు. "నిలబడి చూస్తావేట్రా? ఎక్కు. కోసెయ్."

"ముందు రింగూ బోర్డూ తాడు కట్టి దించాలన్నా. ఎంత తాడు కావాలో చూస్తానుండు." పోలిరాజుకు ఈ గొడవలోంచి పైకి పారిపోవడమే హాయిగా ఉన్నట్టుంది. గబగబా నిచ్చెనెక్కి, జేబులోని టేపు కొక్కేన్ని రింగుకు తగిలించి కిందికి వదిలాడు. దిగొచ్చి నేల దగ్గర వంగి చూశాడు. మళ్లీ చూశాడు.

"పదకొండు నాలుగు."

"పది," అన్నాడు రమణయ్య.

"కాదన్నా. పదకొండడుగుల నాలుగంగుళాలు."

"నీ టేపు పాడైపోయింటాదిరా. పది అని నా చేత్తో రాశాను, కళ్లు కనబడ్డం లేదా?"

రమణయ్య టేపు అబద్ధమాడదని యార్డులో ఒక సామెత ఉండేది. కొత్తగా చేరిన వాళ్లకు మొదటి రోజే చెప్పేవాళ్లు. ముప్పై ఆరేళ్లలో అతను బిగించిన మిషన్ని ఎవరూ విప్పి మళ్లీ బిగించలేదు. అలాంటి మనిషి ఒకటిన్నర అడుగు దగ్గర దగ్గర తప్పాడంటే ఊరుకుంటాడా? విసవిసా వరండాలోకెళ్లాడు. బొడ్లోంచి తాళంచెవి తీసి టూల్ పెట్టె తెరిచాడు, తన టేపు తీశాడు. టేపు కిందే నీలం అట్ట పాస్‌పోర్ట్ ఉంది. పెట్టె మూత అలాగే వదిలేసి పెరట్లోకి నడిచాడు.

"తీసుకోవే," సుందరి గుసగుసగా అంది. "ఆయన అటు తిరిగున్నాడు, బేగి తీసుకో!"

హిమబిందు రెండడుగుల దూరంలో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు.

"దొంగతనంగా తీసుకోను. ఆయన ఇవ్వాలి," అంది, అందరికీ వినబడేలా.

రమణయ్య వినే స్థితిలో లేడు. అరవై ఆరేళ్ల వయసులో స్వయంగా నిచ్చెనెక్కాడు. టేపు వదిలాడు. దిగాడు. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు పైకెత్తి అంకె చూశాడు. తర్వాత టేపును పక్కకు జరిపి, స్తంభం నిలబడ్డ సిమెంటు దిమ్మ మీద ఇనప పలక దగ్గర పెట్టి చూశాడు. అక్కడినుంచి సరిగ్గా పది.

తెలిసిపోయింది. యార్డులో ఏ మిషన్ ఎత్తయినా కింది పలక దగ్గర్నుంచే కొలవాలి, నేల దగ్గర్నుంచి కాదు. ఫిట్టరు చేతికి అది ఊపిరంత అలవాటు. వానాకాలం పెరట్లో నీళ్లు నిలబడతాయని తనే దిమ్మను పదహారంగుళాలు ఎత్తు కట్టాడు. పది అడుగులు ఆ దిమ్మ మీది పలక నుంచి కొలిచాడు. ఆడే పిల్ల మాత్రం మిషన్ కాదు గదా, నేల మీదే నిలబడింది.

"అయ్యో," అన్నాడు నేల మీద కూర్చుండిపోయి. "ఎనిమిదేళ్ల పిల్లకి... పెద్దాళ్లకన్నా ఎత్తులో పెట్టేశానా? చేతులు పీకేవేమో గదా. రోజూ ఏడ్చేదానివి, అందట్లేదు నాన్నా అని. ఇంకా గట్టిగా వెయ్యవే అని నేను అరిచేవాణ్ని."

హిమబిందు వచ్చి పక్కనే చతికిలబడింది. మోకాలు కొంచెం పట్టేసినా పైకి తేలనివ్వలేదు.

"నీకు తెలుసా?" అన్నాడు కూతురి మొహంలోకి చూసి.

"పదమూడో ఏట తెలిసింది. స్కూల్ జట్టుతో స్టేడియానికి తీసుకెళ్లారు. అక్కడ రింగు చూసి, అరే, ఇంత కిందికుందేమిటనుకున్నాను. సాయంత్రం నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు నీ టేపుతోనే కొలిచాను."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే తెల్లారేసరికి నువ్వు దించేసేవాడివి." ఆమె నవ్వింది. ఈసారి దాచే నవ్వు కాదు. "అమెరికాలో మొదటి రోజు కోచ్ ఆట ఆపించి అడిగింది, నీ బంతి ఆకాశం నుంచి పడుతుందేమిటి, ఎవరు నేర్పారని. ఆరడుగుల మూడంగుళాల పిల్లలు నా ముందు చేతులెత్తి నిలబడతారు నాన్నా. ఒక్కదాని చేతికీ నా బంతి అందదు. నేను నిలబడిందంతా ఆ ఎత్తు మీదే. మా నాన్న నేర్పాడని చెప్పాను. ప్రతి ఊళ్లోనూ అదే చెప్పాను."

సుందరి ఇక ఆగలేకపోయింది.

"ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను, ఇవాళ చెప్తున్నా వినండి. దాని కాలు తెగిన రోజున నేను అన్నం మానేసింది భయంతో కాదు. తల్లినయ్యుండీ పక్కన లేనని. మీరేమో భయమంతా నా పేరున రాసి పిల్లని పెట్టెలో పెట్టి తాళమేశారు. అది గెలుస్తుందో ఓడుతుందో దాని ఇష్టం. పెట్టెలో పెట్టింది తీసివ్వండి!"

పోలిరాజు మెల్లిగా మిషన్ వైరు చుట్టడం మొదలుపెట్టాడు. రమణయ్య లేచాడు. వరండాలోకెళ్లి పాస్‌పోర్ట్ తెచ్చాడు. దాని మీద అంటిన గ్రీజు మరకను చొక్కా అంచుతో తుడిచాడు, అది ఇంకాస్త పాకింది. రెండు చేతులతో కూతురికిచ్చాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న కన్నీళ్లు జలజలా రాలాయి, ఎవరి కళ్లలోంచి ముందో చెప్పడం కష్టం.

"మళ్లీ దెబ్బ తగిలితే?" అన్నాడు.

"తగిలితే ఫోన్ చేసి ఏడుస్తాను. నవ్వను. ఒట్టు."

"గణేశ్వరరావుగారికి ఏం చెప్పను?"

"కొలత తప్పిందని చెప్పు," అంది యర్రమ్మ వరండాలోంచి. పోలిరాజు పకపకా నవ్వేసి, వెంటనే రమణయ్య మొహం చూసి నోరు మూసుకున్నాడు.

బుధవారమంతా సర్దుళ్లతో గడిచిపోయింది. రమణయ్య మధ్యాహ్నం గోల్ ఘర్ బజారుకెళ్లి ఏదో డబ్బా కొనుక్కొచ్చాడు. దేనికని అడిగితే టూల్ పెట్టెలో పెట్టేశాడు.

గురువారం తెల్లారగట్లే లేచి, బూట్లు బిగించుకుని హిమబిందు పెరట్లోకి వచ్చింది. విమానం ఎక్కేముందు చివరిసారి నాలుగు బంతులు వేద్దామని. స్తంభం దగ్గర రంగు వాసన గుప్పుమంది. పాత '10 అడుగులు' గీకేసి ఉంది. దాని స్థానంలో కొత్త ఎర్ర అక్షరాలు. యార్డులో బిగించిన మిషన్లను ఎవరూ కదపకుండా ఫిట్టర్లు ఇలాగే రాసి పెడతారు. హిందీలో, ఇంగ్లీషులో చదువుకున్న పిల్ల, తెలుగు ఎంతైనా గడగడా మాట్లాడుతుంది గానీ చదవాలంటే కూడబలుక్కోవాల్సిందే. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది.

'11 అడుగుల 4 అంగుళాలు. ఎవరూ తగ్గించరాదు. – రమణయ్య, ఫిట్టర్.'

మళ్లీ మొదటినుంచి చదివింది. అక్షరాలు నీళ్లలో తేలిపోతున్నాయి. వెనక దగ్గు వినిపించి తిరిగి చూస్తే, తండ్రి లుంగీ ఎగ్గట్టుకుని, చంకలో బంతితో నిలబడి ఉన్నాడు.

"ఏడుపెందుకే? రంగు తడిగా ఉంది, చెయ్యి తీయ్. పది వేసి కదులు, ఆటో వచ్చేస్తాది."

బంతి ఆమె వైపు విసిరి, వెళ్లి రింగు కింద నిలబడ్డాడు. హిమబిందు ఎర్రబడ్డ వేలితోనే బంతి పట్టుకుంది. కంటి తడి మోచేత్తో తుడుచుకుని, మోకాలు వంచి, పైకి వదిలింది. బంతి కొబ్బరి మట్టల ఎత్తుకు లేచి, తాపీగా తిరిగి, వలలోంచి సర్రున జారి తండ్రి చేతుల్లో పడింది.

"ఇంకోటి," అన్నాడు రమణయ్య.