రాత్రి తొమ్మిది గంటల మాత్ర

"ఒరేయ్ తమ్ముడూ, పాలు పొంగుతున్నాయని మీ ఆవిడకి చెప్పు."

ఆ ఆవిడ పాలగిన్నె పక్కనే నిలబడి ఉంది. ఆమె భర్త పేపర్లోంచి తలెత్తకుండా, "పాలు పొంగుతున్నాయట," అన్నాడు. మరదలు పళ్ళు బిగించి స్టవ్ కట్టేసింది. తొమ్మిది రోజులుగా ఇంట్లో ఇదే వరస.

వదినా మరదళ్ళిద్దరిదీ ఒకటే ఆసుపత్రి. మేడ మీద గదిలో ఉండే వదిన, అంటే ఆయన అక్క, అక్కడ మగవాళ్ళ వార్డులో హెడ్ నర్సు, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. మరదలు ఫార్మసిస్టు. ఏ మందు ఎవరికి ఎందుకు రాశారు, ఎన్నాళ్ళిచ్చారు, అసలు అవసరమా అని కేస్ షీట్లు తిరగేసి, తేడా ఉంటే దిద్దుకునే దారి చెప్పడం ఆమె పని. ఈసారి నిద్రమాత్రల సంగతి చూసింది. "అవసరమైతే" అని డాక్టర్లు రాసిన మాత్ర వదిన వార్డులో పదిమందిలో ఎనిమిది మందికి రోజూ రాత్రి తొమ్మిదికల్లా పడిపోతోంది. నాలుగు నెలల్లో ముగ్గురు పెద్దవాళ్ళు ఆ మత్తులో మంచం దిగబోయి పడ్డారు. మూడు వారాల క్రితం ఒకాయనకి తుంటి ఎముక విరిగింది. ఉన్నదున్నట్టు రాసి ఇచ్చింది. అప్పటినుంచీ వదిన ఆమెతో నేరుగా మాట్లాడడం మానేసింది.

ఒక్క సారీ చెబితే పోయేదానికి ఎందుకింత రాద్ధాంతం అని భర్త రోజూ గొణుగుతూనే ఉన్నాడు. దేనికి సారీ చెప్పాలో, విరిగిన ఎముక విరగలేదని రాయాలో ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. ఇద్దరి మధ్యా తను నలిగిపోతున్నానంటూ ఆయన మళ్ళీ పేపర్లో దూరేవాడు.

"మా వార్డులో దుప్పట్లు కూడా లెక్కపెడుతుందేమో కనుక్కోరా," అంది వదిన, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

మరదలికి ఓపిక నశించింది. "నాతోనే మాట్లాడండి వదినా. మన మాటలు మోయడానికి ఈయన పోస్ట్‌మ్యాన్ కాదు."

"సరే, నీతోనే అంటాను. మాత్రలు లెక్కపెట్టావు. మనుషుల్ని లెక్కపెట్టావా? ముప్ఫై నాలుగు మంచాలకి రాత్రిపూట ఇద్దరు నర్సులు. ఒకాయన నిద్రపట్టక కేకలేస్తే పదిమంది లేస్తారు. ఒక్క రాత్రి వచ్చి చూశావా నువ్వు?"

లేదు. కాగితాలే చూసింది. ఆ మాట లోపల గుచ్చుకున్నా, నోరు మాత్రం తగ్గలేదు. "అయితే పడేవాళ్ళని పడనిమ్మంటారా?"

వదిన చేతిలో డబ్బా బల్లమీద పెట్టి కుర్చీలో కూలబడింది.

"ఆ తుంటి విరిగినాయనకి మాత్ర ఇచ్చింది నేనే," అంది చివరికి. "ఆ రాత్రి డ్యూటీ అమ్మాయి రాలేదు, నేనే ఉండిపోయాను. నీ రిపోర్టులో ఆయన మంచం నంబరు చూసినప్పట్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. నీమీద కోపమేమిటే. నా మొహం నేను చూసుకోలేక."

పేపరు మడత పడింది. మరదలు పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఓదార్చడం చేతకాలేదు. వచ్చినదల్లా ఒక ప్రశ్న, తన ఫారంలో ఎక్కడా లేనిది. "వదినా, అసలు రాత్రుళ్ళు వాళ్ళెందుకు లేస్తున్నారు?"

వదిన కళ్ళు తుడుచుకుని చెప్పసాగింది. ఇంజెక్షన్లు తెల్లవారుజామున రెండింటికి పడతాయి. అర్ధరాత్రి బీపీ చూడ్డానికి లేపుతారు. వరండా లైటు ఆరు మంచాల మీద నేరుగా కొడుతుంది. మరదలు రాసుకుంటూ పోయింది. ఆ ఉదయం ఇద్దరూ డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళారు.

మరుసటి వారం ఆసుపత్రి మీటింగులో మరదలు తన రిపోర్టు మొదటి పేజీ చదువుతుండగా, ఎవరూ అడగకుండానే వదిన లేచి నిలబడి ఆ మాత్ర తన చేత్తోనే ఇచ్చానని చెప్పింది. ఇంజెక్షన్ల వేళలు మార్చడానికి, నిద్రమాత్ర కావాలంటే డాక్టరు ఏరోజుకారోజు చూసి రాయడానికి అక్కడికక్కడే ఒప్పుకున్నారు. రాత్రిపూట మూడో నర్సుని వెయ్యమంటే మాత్రం చూద్దామన్నాడు సూపరింటెండెంటు.

"ఇరవై ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నారు," అని మెట్లు దిగుతూ వదిన విసుక్కుంది. మరదలికీ ఒళ్ళు మండిపోతోంది. మూడో నర్సు వచ్చేదాకా నెలనెలా రాస్తూనే ఉంటానంది.

కింది అంతస్తులో వదిన ఆగిపోయింది. ఎముకల వార్డు అటువైపు.

"ఒక్కదాన్నే వెళ్ళలేను. నువ్వు కూడా రావా?"

ఆ పెద్దాయన కాలు కదపకుండా పడుకుని ఉన్నాడు. వదిన చెప్పిందంతా కప్పు వైపు చూస్తూ విన్నాడు.

"వద్దన్నాను కదమ్మా ఆ రోజు," అన్నాడు చిరాగ్గా. "నిద్రొస్తోందనే చెప్పాను."

"చెప్పారు," అంది వదిన. "నేనే వినిపించుకోలేదు."

ఆమెకి కన్నీళ్ళు ఆగలేదు. మరదలు గోడ వారనున్న స్టూలు తెచ్చి మంచం పక్కన వేసింది. వదిన కూర్చుంది.