ఎడమ సగం

ఆ పొద్దున కమలాక్షి దోసెపెనం మీద నూనె రాస్తూ వెనక్కి తిరిగి చూసింది. భర్త లక్ష్మీపతి గడప దగ్గర కూర్చుని మళ్ళీ ఏదో రాస్తున్నాడు. ఆమె చూడగానే తల దించేశాడు. మదనపల్లెలో బడిపంతులుగా నలుగురిలో పేరున్న మనిషి, సొంత పెళ్ళాన్ని దొంగచూపులు చూడ్డమేమిటి? నెల రోజులుగా ఇదే వరస. ఆమె బావికి పోయినా, ఊరికే కూర్చున్నా ఆయనగారి కలం కదలాల్సిందే.

అతను స్నానానికి వెళ్ళగానే కమలాక్షి చాప కింద వెతికింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసినా కాగితాల కరువు తీరని రోజులవి. పరీక్ష పేపర్ల వెనకవైపు రాసి, నిలువుగా మధ్యకు మడిచి పెట్టాడు. పైకి కనిపించిన సగం చదివింది.

"ఇంటిలోపల. పగలు. పాలు పొంగును. స్త్రీ చూచియు దించదు."

"ఇంటి వెనుక. సాయంత్రము. స్త్రీ బావిగట్టున కూర్చొనును. దీపము పెట్టు వేళ దాటును. లేవదు."

కుప్పంలో అక్క నాగమ్మ మొగుడు ఇలాగే తప్పులన్నీ కాగితం మీద రాసి, పెద్దల ముందు చదివించి, ఆమెను పుంగనూరులో పుట్టింట వదిలేసి పోయాడు. ఇప్పుడు తన వంతన్నమాట! పాలు పొంగింది కూడా రాసుకున్నాడే మహానుభావుడు. పిల్లల పేపర్లయినా ఇంత శ్రద్ధగా దిద్దాడో లేదో.

తడి తువ్వాలుతో లోపలికొచ్చిన లక్ష్మీపతి ముందు ఆ కాగితాలు విసిరికొట్టింది.

"పుంగనూరు బస్సు ఎన్ని గంటలకో సెప్పండి. నేనే పోతా. పెద్దమనుషుల్ని పిలిపించే పని లేదు."

"యాడికి పోయేది? ఏమైంది కమలా?"

"నా తప్పులన్నీ ఏరి రాస్తాండారు కదా! మా అక్కకు జరిగింది నాకు తెలీదా?"

లక్ష్మీపతి తెల్లబోయాడు. "తప్పులు కాదే. సినిమా కథ రాయడం నేర్చుకుంటాండా."

"నా సెవిలో పూలు పెట్టొద్దండి."

అతను కొక్కేనికి తగిలించిన చొక్కా జేబులోంచి ఒక ఉత్తరం తీసి చదివాడు. మద్రాసులో సినిమా కంపెనీలో రాతపని చేసే స్నేహితుడు గోపాలస్వామి రాసింది.

"నీ కథ తిప్పి పంపుతున్నాను. 'ఆమె మనసు కుమిలిపోయెను' అని రాస్తే కెమెరా దేన్ని చూడాలిరా? కాగితం నిలువుగా మడువు. ఎడమ సగంలో కంటికి కనిపించేది, కుడి సగంలో చెవికి వినిపించేది. ప్రతి దృశ్యం పైన లోపలో బయటో, పగలో రాత్రో వెయ్యి. ముందు మీ ఇంట్లో జరిగేది రాసి చెయ్యి తిప్పుకో."

కమలాక్షి ఉత్తరం లాక్కుని కవరు మీద ముద్ర చూసింది. మద్రాసుదే. అయినా నమ్మకం కుదరలేదు.

"అట్లయితే ఆ రెండో సగంలో ఏం దాచినారు?"

ఆమే ఒక్కొక్క కాగితం విప్పింది. కుడి సగం అన్నిట్లోనూ తెల్లగా ఉంది.

"ఈడ ఏమీ లేదే?"

"వినిపించింది రాయమన్నాడు. మన ఇంట్లో ఏం వినిపిస్తాండాది కమలా?"

నిజమే. కిందటేడు విషజ్వరంతో రెండేళ్ళ కూతురు పోయిన నాటినుంచి ఆ ఇంట్లో ఉప్పూ కారం గురించి తప్ప మాటల్లేవు. అడుగున ఉన్న కాగితం ఆమె అప్పుడే చూసింది.

"స్త్రీ పెట్టెలోనుండి చిన్న గౌను తీయును. మడుచును. విప్పును. మరల మడుచును."

"ఇది కూడా సూసినారా?"

"రోజూ చూస్తాండా."

"సూసి, ఒక్క మాట అనకుండా పోయినారా? మీకు బిడ్డ గుర్తే లేదనుకుంటి గదయ్యా!"

"దగ్గరికొస్తే నేనూ ఏడుస్తానని భయం. అందుకే గడప కాడే కూర్చుంటి."

కమలాక్షికి అతని మీద కోపమూ జాలీ ఒక్కసారే పొంగుకొచ్చాయి. ఏడాదిపాటు తానొక్కతే ఏడ్చాననుకుంది పిచ్చిది.

"ఒక్కసారి దాని పేరు పిలవండి."

రోజూ గొంతెత్తి పిల్లల హాజరు పిలిచే మనిషికి నోరు పెగల్లేదు. రెండోసారికి "అలివేలూ..." అని, మొహం తువ్వాల్లో దాచుకుని బావురుమన్నాడు.

కమలాక్షి అతని పక్కన చతికిలబడి, ఆ పిల్ల తొలి అడుగులు వేసిన రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఏడ్చారు, మధ్యలో ఒకసారి నవ్వారు కూడా. బడి గంట ఎప్పుడు కొట్టారో ఇద్దరికీ తెలియలేదు.