నేను పుట్టని షీతో

నా టోపీ పెట్టుకోనని మొహం మీదే చెప్పిన మొదటి మనిషి లాన్‌షిన్.

నా టోపీ అంటే నా సొంతది కాదు, మా బృందంలో అందరికీ ఇచ్చే పసుప్పచ్చ టోపీ. ఛోంగ్‌చింగ్ రేవులో ఓడ ఎక్కే వేళకి నలభై ఇద్దరిలో నలభై ఒక్కరు బుద్ధిగా పెట్టేసుకున్నారు. ఆమె మాత్రం దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"ఇది పెట్టుకుంటే కోడిపిల్లలా ఉంటాను గైడ్ గారూ."

"పెట్టుకోకపోతే తప్పిపోతారు. ఈ రేవులో ఇలాంటి బృందాలు పదున్నాయి."

"ఓడలో తప్పిపోయి ఎక్కడికెళ్తాను? నీళ్లలోకా?"

"అక్కడికెళ్లినా పసుపు రంగయితే వెతికి తీయడం తేలిక."

పక్కనున్న వాళ్ల నానమ్మ కిసుక్కున నవ్వింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. రెండు కళ్లకీ పొరలు. తువ్వాల్లో చుట్టిన పొడవాటి వస్తువేదో పసిపిల్లని పట్టుకున్నట్టు గుండెకి ఆనించి పట్టుకుంది. "ఇటియ్యి నాయనా, దాని వాటా నేను పెట్టుకుంటా" అని మనవరాలి టోపీ కూడా తీసుకుని, తన టోపీ మీద ఇంకోటి తగిలించింది. ఆ రెండు టోపీల మీదుగా లాన్‌షిన్ వైపు చూసి, నేను గెలిచానన్నట్టు కనుబొమలెగరేశాను. ఆమె మూతి ముడుచుకుని తల తిప్పుకుంది. ఆ తల తిప్పడం నాకు బాగా నచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర వాళ్ల బల్లకే నాలుగుసార్లు వెళ్లి, చేప బాగుందా అని అడిగాను. నాలుగోసారి ఆమె, "చేప అయిపోయి చాలాసేపయింది, ముళ్ల సంగతి అడగండి" అంది.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

నా పేరు తావ్ జెమింగ్. మాది హెనాన్. బడి పుస్తకంలో బొమ్మగా తప్ప కొండని చూడని గోధుమ పొలాల ఊరు. నాలుగేళ్ల క్రితం, ఈ ఉద్యోగంలో మొదటి ప్రయాణంలోనే ఒకావిడ, "నువ్వీ నది పిల్లాడివేనా?" అని అడిగింది. ఎందుకో అవునన్నాను. "ఆనకట్ట నీళ్లలో మునిగిన ఊరా?" అంది. దానికీ అవునన్నాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అందరూ నా చుట్టూ చేరారు. దిగేటప్పటికి నా సంచీ నిండా కమలాపళ్లు. అప్పట్నించీ ప్రతి ప్రయాణంలోనూ నేను మునిగిన ఊరి బిడ్డనే. పేరొకటి కావాలి కదా, పాత పటంలో వెతికి షీతో అని పెట్టుకున్నాను. మరీ చిన్న ఊరు. ఆ ఊరివాళ్లెవరూ నాకు తగలరని ధీమా.

మూడో రోజు పొద్దున్న ఓడ చూతాంగ్ లోయలోకి వచ్చింది. పసుపు టోపీలన్నీ డెక్కు మీదికి చేరి, పది యువాన్ల నోటు వెనకున్న బొమ్మనీ ఎదురుగా ఉన్న కొండల్నీ పక్కపక్కన పెట్టి ఫొటోలు తీసుకుంటున్నాయి. ఎప్పట్లాగే అందరూ కుదురుకున్నాక మైకు అందుకున్నాను.

"అదిగో, ఆ ముందు వంపు చూడండి. దాని కింద మా షీతో ఉంది. మా ఇల్లు, మా బడి, మా అమ్మ బట్టలుతికిన రాయి." రాయి దగ్గర గొంతు కాస్త వణికించాలి. ఆ వణుకు నాలుగేళ్ల సాధన.

ఎవరో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చూస్తే రెండు టోపీల మామ్మగారు.

"ఏ షీతో బాబూ? సున్నపు బట్టీల షీతోనా?"

"అవునండీ." నోరు అలవాటుకొద్దీ అనేసింది.

"మాదీ షీతోయే." ఆమె ముఖం ముఖంలా లేదు. "ఇరవై మూడేళ్లయింది. షాన్‌డాంగ్‌కి పంపేశారు మమ్మల్ని. ఇంకా చాలా దూరమనుకున్నాను. ఇక్కడేనా? నాకు చూపానదు, నువ్వే చెప్పు."

అప్పుడే కాదని చెప్పి ఉండొచ్చు. మైకు పక్కన పెట్టి, మామ్మగారూ నేను అబద్ధాలకోరునని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. నలభై మంది చూస్తున్నారు, లాన్‌షిన్ చూస్తోంది. నేను చేతిలో ఉన్న బృందం జెండా కర్ర ఎత్తి వంపుని చూపించాను.

ఆమె తువ్వాలు విప్పింది. లోపల ఆసుపత్రి సెలైన్ సీసా, మూతికి మైనం. మొక్కజొన్న సారా. వాళ్లాయన స్వయంగా కాచిన ఆఖరి సీసా. ఊరు ఖాళీ చేసిన ఏడాదే ఆయన పోయారట. సమాధిని నీళ్లందని ఎత్తుకి మార్చేలోపే, ఊరివాళ్లని తీసుకెళ్లే లారీ వచ్చి నిలబడిందట. ఎప్పటికైనా వచ్చి ఆయన మీద పోస్తానని మాటిచ్చిందట.

"ముసలోడా, తాగు" అంటూ కడ్డీల మీదుగా వంగి పోసింది. లాన్‌షిన్ ఆమె నడుం పట్టుకుని నిలబడింది. నా జెండా ఆ వంపుకేసి చూపిస్తూ అలాగే ఉండిపోయింది. దాన్ని దించాలని కూడా నాకు తట్టలేదు.

సీసా అడుగున కొంచెం మిగిల్చి, చిన్న గిన్నెలో వంపి నాకిచ్చింది. "నువ్వు తాగు నాయనా. మన ఊరివాడివి. ఈ సారా ఇక ఎక్కడా దొరకదు."

గిన్నె పెదాలదాకా తెచ్చాను. లోపలికి పోనివ్వలేకపోయాను. అటు తిరిగి, నా ఫ్లాస్కులో టీ నదిలోకి పారబోసి, గిన్నెడూ అందులో ఒంపి మూత బిగించాను. ఇటు తిరిగి మూతి తుడుచుకున్నాను. అదీ నటనే.

"మీరు మా ఊరివాళ్లేనని ముందే చెప్పి ఉంటే టోపీ పెట్టుకునేదాన్నిగా" అంది లాన్‌షిన్ మెల్లగా. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నవ్వుతోంది. మూడు రోజులుగా నేను ఎదురుచూస్తున్న నవ్వే అది. దాన్ని చూడలేక ఫ్లాస్కు కేసి చూశాను.

వూషాన్‌లో ఓడ ఆపి, చిన్న పడవల్లో పక్క వాగులోకి తీసుకెళ్లాం. వాన పట్టుకుంది. లాన్‌షిన్ వచ్చి నా గొడుగు కింద చేరింది.

"నేనక్కడే పుట్టాను కానీ, ఊరొదిలేనాటికి నాకు ఏడాది. నానమ్మని అడిగితే ఏడుస్తుంది, నాన్నేమో మాట మార్చేస్తాడు. మీకప్పటికి ఏడెనిమిదేళ్లన్నా ఉంటాయిగా. చెప్పండి, రేవు నుంచి ఊళ్లోకి మెట్లుండేవా?"

"ఉండేవి."

"ఎన్ని?"

"నూట... ఎనభై."

ఆమె ఫోన్ తీసి రాసుకుంది.

"ఇంకా?"

"నూడిల్స్ అంగడి ఒకటుండేది. ముసలాయన, ఒక చెవి వినిపించదు."

అదీ రాసుకుంది. "మీ ఇంటి గురించి చెప్పండి."

"మా ఇంట్లో ఒక కుక్క ఉండేది. బూడిద రంగు. హుయిహుయి అని పిలిచేవాళ్లం. నేను బడి నుంచి వస్తుంటే దారి మధ్యకొచ్చి నా సంచీ పళ్లతో పట్టుకుని ఇంటిదాకా మోసేది. ఓసారి సంచీలో పరీక్ష మార్కుల కాగితం ఉందని, దాన్ని తినెయ్యమని ఎంత బతిమాలానో. ముట్టుకోలేదు."

ఆమె పడవ ఊగేలా నవ్వింది. "పూర్తిగా మీకు వ్యతిరేకం అన్నమాట. నిజాయితీ గల కుక్క."

ఏమీ తెలియకుండా అన్న మాట అది. నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"నానమ్మ ఇవాళ సారా పోసొచ్చాక ఫలహారంలోకి ఊరుమిరపకాయలు అడిగి వేయించుకుంది తెలుసా. షాన్‌డాంగ్‌లో ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. మీవల్లే." గొడుగు పట్టుకున్న నా వేళ్ల మీద ఒక్క క్షణం తన చెయ్యి ఆనించి తీసేసింది. అమ్మాయి చెయ్యి తగిలితే సంతోషం వేస్తుందని విన్నాను. నాకు దొంగసొత్తు జేబులో పడ్డట్టయింది.

ఓడకి తిరిగొచ్చేసరికి, తాళ్లు చుడుతున్న గూ బాబాయ్ నన్ను పక్కకి పిలిచాడు. ముప్పై ఏళ్లుగా ఈ నది మీదే బతుకుతున్న మనిషి.

"పొద్దున ఆ ముసలావిడ ఏంట్రా పోసింది?"

"వాళ్లది షీతో అట బాబాయ్. మొగుడి కోసం పోసింది."

అతను తాళ్లు వదిలేశాడు. "షీతోకి చూతాంగ్‌లో పోయించావా? నిలువు గోడల్లాంటి కొండల మధ్య ఊరెక్కడుంటుందిరా? షీతో ఇంకా రానేలేదు. వూ లోయ దాటాక, ఎడం ఒడ్డున తెల్ల బండ కనిపిస్తుంది. దాని కిందే. నాలుగింటికి దాటుతాం." నా ముఖంలోకి చూశాడు. "నీ నోటికి దండం పెట్టాలిరా."

రెండున్నర అయింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మామ్మగారు తృప్తిగా ఇంటికెళ్తుంది, లాన్‌షిన్ నా నంబరు తీసుకుంటుంది. చెప్తే రెండూ పోతాయి. వంటగదిలోకి వెళ్లి, ఎవరూ అడగకుండానే ఒక గంట సేపు వెల్లుల్లి ఒలిచాను. వంటవాడు అనుమానంగా చూశాడు. మూడున్నరకి చేతులు కడుక్కుని, ఫ్లాస్కూ జెండా కర్రా తీసుకుని వాళ్ల గది తలుపు కొట్టాను.

లాన్‌షిన్ తీసింది. "చేప ఎలా ఉందని అడగడానికా?"

"నాది షీతో కాదండీ."

నవ్వబోయి ఆగింది.

"నాది హెనాన్. మీ ఊరు ఎప్పుడూ చూడలేదు. పొద్దున చూపించిన వంపులో ఏమీ లేదు. అసలు షీతో ఇంకో అరగంటలో వస్తుంది."

ఆమె ఫోన్ తీసి, నేను చెప్పినవి రాసుకున్న చోటు తెరిచింది. అరిస్తే బాగుండుననిపించింది.

"నూట ఎనభై మెట్లు?"

"అబద్ధం."

"చెవిటి ముసలాయన?"

"అదీను."

"కుక్క?"

"కుక్క మాదే. హెనాన్‌ది. అదొక్కటే నిజం."

"నేను ఇవన్నీ ఇంటికి పంపేశాను. మా నాన్న చదివి, ఇవన్నీ మరిచిపోయానని ఫోన్ చేసి ఏడ్చాడు." గొంతు పెంచలేదు. "నాకు క్షమాపణలు చెప్పకండి. లోపలికి రండి, ఆమెకి చెప్పండి."

మామ్మగారు మంచం మీద కూర్చుని ఖాళీ సీసాకి మళ్లీ తువ్వాలు చుడుతోంది. మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను. ఏం చెప్పానో నాకే సరిగా గుర్తులేదు. ఆమె చుట్టడం ఆపలేదు.

చివరికి అంది, "మా ముసలోడికి పరాయి గుమ్మంలో మంచినీళ్లు తాగడం కూడా కిట్టదు. నువ్వు ఎవరి గుమ్మంలోనో సారా పోయించావు. ఇరవై మూడేళ్లు దాచాను. ఇల్లు మారినప్పుడు మంచం వదిలేశాను, ఈ సీసా వదల్లేదు."

"నాకిచ్చింది నేను తాగలేదు మామ్మగారూ." ఫ్లాస్కు ముందు పెట్టాను. "తాగడానికి మొహం చెల్లలేదు. అలాగే ఉంది."

ఆమె మూత తీయించి, వాసన చూసింది. ముక్కు చిట్లించింది.

"టీ వాసన."

"కడగలేదండీ."

"ఆయనకి టీ అంటే అసహ్యం." జెండా కర్ర నా చేతిలోంచి లాక్కుని, భుజం మీద ఒక్కటి వేసింది. చూపు లేకపోయినా గురి తప్పలేదు. "లే. ఇదన్నా సరైన చోట పోయిద్దువుగాని. మైకు తీసుకో. మైకులో చెప్పిన అబద్ధం మైకులోనే విప్పాలి."

డెక్కు మీద సన్నగా తుంపర. నలభై టోపీలు నా వైపు తిరిగాయి. మామూలుగా నేను నోరు విప్పితే చాలు ముందే నవ్వడానికి సిద్ధపడే మొహాలు అవి.

"పొద్దున నేను చెప్పింది అబద్ధం," అన్నాను. ఈసారి గొంతు నేను వణికించలేదు, అదే వణికింది. "మాది షీతో కాదు. నాలుగేళ్లుగా అందరికీ ఇదే అబద్ధం చెప్తున్నాను. షీతో వీళ్లది. ఆ తెల్ల బండ కింద ఉంది."

ముందు వరసలో ఒకాయన పొద్దున నాతో తీసుకున్న ఫొటోని ఫోన్లో చూసుకుని, మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. చెవులు కాలిపోతున్నాయి. నదిలో దూకినా నీళ్లు మరిగేవేమో.

గూ బాబాయ్ ముందుకొచ్చి, మామ్మగారి చెయ్యి పట్టుకుని బండ వైపు చూపించాడు. ఆమె ఫ్లాస్కు నాకిచ్చింది. "నువ్వే పొయ్యి. క్షమించమని ఆయన్నే అడుగు."

పోశాను. రెండు గుక్కలుంటుందేమో. తాతగారూ, టీ వాసనకి కూడా నాదే తప్పు అని లోపల అనుకున్నాను. మామ్మగారు నీళ్లకేసి వంగి, "ఇదిగో, వీడే వాడు. చివాట్లు పెట్టు" అంది. తర్వాత ఆమె కొంచెంసేపు ఏడ్చింది. బండ వెనక్కి పోయేదాకా నేను తల ఎత్తలేదు.

టోపీలన్నీ భోజనాలకి దిగిపోయాక కూడా కడ్డీల దగ్గరే ఉండిపోయాను. లాన్‌షిన్ వచ్చి, రెండు చేతుల దూరంలో నిలబడింది. వాన పడకుండా తలమీద పసుపు టోపీ. వాళ్ల నానమ్మ మీదనుంచి తీసుకున్నట్టుంది.

"కోడిపిల్లలా ఉన్నానా?"

నేను ఖాళీ ఫ్లాస్కుకి మూత బిగించాను.

"నానమ్మ మిమ్మల్ని తిడుతోంది. ఊరుమిరపకాయలు తింటూనే తిడుతోంది." ఫోన్ తీసింది. "మా నాన్నకి ఫోన్ చేసి నిజం చెప్పాను. మీరు చెప్పినవన్నీ చెరిపేశాను. మెట్లు, చెవిటి ముసలాయన, అన్నీ."

"మంచి పని చేశారు."

"కుక్కని ఉంచాను. నిజమన్నారుగా."

నేను ఆమె వైపు తిరిగాను.

"మీ ఊరెలా ఉంటుంది? నిజంగా."

"చదునుగా. చూడ్డానికేమీ ఉండదు, గోధుమలు తప్ప. వచ్చేవాళ్లెవరూ ఉండరు."

"చూడ్డానికేముందని అడగలేదు. కుక్క ఎక్కడ పడుకునేది?"

"గుమ్మంలో, అడ్డంగా. లోపలికి ఎవరు రావాలన్నా దాన్ని దాటుకునే రావాలి."

ఆమె ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ రాసుకుంది. "ఇప్పుడుందా?"

"అది పోయింది. దాని కూతురుంది."

"అదీ అడ్డంగానే పడుకుంటుందా?"

"అదీ అంతే."

"అయితే చూసి దాటాలి," అంది తల ఎత్తకుండా, అదీ రాసుకుంటూ.