విప్పని పెట్టె ధర

"ముందు ఆ ఇస్త్రీ పెట్టె కిందకి దించండి," అంది మెకానిక్.

తడిసిన గొడుగు గుమ్మం పక్కన ఆనించి ఇంట్లో అడుగు పెట్టగానే ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. నమస్కారం లేదు, మంచినీళ్ళు అడగడం లేదు.

హాల్లో సగం ఆక్రమించుకున్న ఆ అట్టపెట్టె మీద మందపాటి దుప్పటి పరిచి అమ్మ రెండేళ్ళుగా బట్టలు ఇస్త్రీ చేస్తోంది. లోపల ఉన్నది సరికొత్త పిన్‌బాల్ మెషిన్. అద్దం కింద ఏటవాలు చెక్క పలక, దాని మీద రంగురంగుల దీపాలు, ఉక్కు బంతి, బంతి జారిపోకుండా పైకి కొట్టడానికి రెండు చిన్న రెక్కలు. ఇవన్నీ పెట్టె మీద బొమ్మలో చూడ్డమే తప్ప, ఆ ఇంట్లో ఎవరికీ కళ్ళారా చూసే భాగ్యం కలగలేదు.

"దీని మీద ఇస్త్రీయా? రెండేళ్ళా?"

"దుప్పటి మందంగానే వేశానమ్మా," అంది అమ్మ.

అబ్బాయికి తల కొట్టేసినట్టయింది. అతను వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణంలో తొమ్మిదేళ్ళుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకోడని పేరు. అలాంటివాడు, "తక్కువగా తీసిన మోడలు, పెట్టె విప్పకుండా దాచుకోండి, రెండేళ్ళలో రెట్టింపు" అని అమ్మినతను చెప్తే, రెండో మాట లేకుండా కొనేశాడు.

ఇప్పుడు అవసరం వచ్చింది. దుకాణం యజమాని విశ్రాంతి తీసుకుందామనుకుంటున్నాడు. వానాకాలం వెళ్ళేలోపు అడ్వాన్సు కడితే దుకాణం అబ్బాయికే ఇస్తానన్నాడు. కట్టలేకపోతే పక్కనున్న ఫోన్ల కొట్టువాడు గోడ కొట్టేసి కలిపేసుకుంటాడు. అందుకే వెల కట్టమని ఈ మెకానిక్‌ని పిలిపించాడు. ఊళ్ళో ఇలాంటి మెషిన్లు పోగుచేసేవాళ్ళంతా ఆమె మాట మీదే కొంటారట.

ఆమె పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, వంగి అడుగు చూసి, లేచింది.

"కొన్న ధరలో మూడో వంతు పోయింది."

"పోవడమేంటండీ! నేను ఇంతవరకు విప్పలేదు!"

"విప్పనందుకే పోయింది."

"ఇదెక్కడి లెక్కండీ?"

"కొత్త కారు షోరూం దాటగానే ధర పడుతుందా లేదా? ఇదీ అంతే. మొదటి రెండేళ్ళు పడుతుంది, తర్వాత నిలబడుతుంది. బాగా చూసుకుంటే ఎప్పటికో మళ్ళీ పెరుగుతుంది. కానీ మీరు కొన్న ఏడాదికే కంపెనీవాళ్ళు ఇదే ఆట మళ్ళీ తీశారు. ఇక తక్కువగా తీసిన మోడలన్న గొప్ప ఏముంది? పైగా లోపల ఏం వదులైందో, ఏ రబ్బరు గట్టిపడిందో ఎవరికి తెలుసు? తెలియనిదానికి ఎవరూ ఎక్కువ ఇవ్వరు."

"మరి ఏం చెయ్యాలి?"

"విప్పండి, నిలబెట్టండి, ఆడండి. మూడొందల ఆటలు దాటకుండా ఆడి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూపిస్తే, మీ అడ్వాన్సుకి సరిపడా ఇచ్చే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. నా మాట రాసిస్తాను."

పెట్టె కోయడానికి ఆమె చాకు తీసి అతని చేతికిచ్చింది. "మీరే కోయండి. రేపు నన్ను అనకూడదు."

అబ్బాయి చాకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. రెండేళ్ళు గీత పడకుండా కాపాడినదాన్ని కోయాలంటే చెయ్యి ఆడలేదు. అమ్మ వంటింట్లోంచి కత్తెర తెచ్చి, ఇద్దరి మధ్యనుంచి దూరి, టేపు బర్రున కోసేసింది.

"ఇస్త్రీకి వేరే బల్ల కొనిపెట్టు," అంది.

మెషిన్ కాళ్ళు బిగించి, ప్లగ్గు పెట్టగానే దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. బయట వాన, మధ్యాహ్నమే మసక. ఎర్రదీపం, పచ్చదీపం ఒకదాని తర్వాత ఒకటి ఆ అమ్మాయి బుగ్గ మీద నడిచి వెళ్ళాయి. అబ్బాయి ఆట చూడాల్సింది మానేసి ఆ దీపాల్ని చూశాడు. మొదటి బంతి రెండు రెక్కల మధ్యనుంచి నిక్షేపంగా జారిపోయింది.

"మీరు కొట్టలేదు," అందామె.

"చూస్తున్నాను."

"చూస్తే స్కోరు రాదండీ."

మర్నాడే అతను ఫోన్ చేశాడు. గొంతులో కంగారు.

"చెక్క మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయండీ! కళ్ళజోడు పెట్టుకుని చూశాను, పదిహేడు ఉన్నాయి."

"లెక్కపెట్టారా?" అవతల నవ్వు ఆపుకుంటున్నట్టు తెలుస్తోంది. "ఉక్కు బంతి పడితే చెక్క మీద గుంట పడదా? కొత్తలో విడివిడిగా కనిపించి భయపెడతాయి. ఆడగా ఆడగా అన్నీ కలిసిపోయి సర్దుకుంటాయి."

స్పీకర్లో విన్న అమ్మ, "సంసారంలాగే అన్నమాట," అంది.

తర్వాతి ఆదివారం పదకొండింటికి మెకానిక్ వచ్చింది. కుడివైపు దారిలో బంతి వెళ్ళినా స్కోరు పడటం లేదు. అద్దం జరిపి, ఆ దారి కిందున్న స్విచ్‌కి స్క్రూ బిగించి, "రవాణాలో వదులైంది, ఇక రాదు ఈ బాధ," అంది. టీ తాగింది. అమ్మతో పోటీపడి ఆడి ఓడిపోయింది. ఎప్పుడూ ఖర్చులు, జాగ్రత్తలు మాట్లాడే అమ్మ, బంతిని రెక్క మీద నిలబెట్టి, ఊపిరి బిగబట్టి, సరిగ్గా కొట్టవలసిన క్షణంలో కొట్టేది.

"మీకీ విద్య ఎలా వచ్చిందాంటీ?"

"పాలు పొంగే ముందు స్టవ్ కట్టెయ్యడం లాంటిదేనమ్మా."

ఆ ఆదివారం మెకానిక్ వెళ్ళిపోయాక హాలు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది అబ్బాయికి. వచ్చే ఆదివారం ఆమె రావడానికి కారణమేమీ లేదు. వెల కట్టడం అయింది, బాగుచేయడం అయింది. ఫోన్ చేసి రమ్మనడానికి ధైర్యం చాలలేదు. అద్దాలు అరగదీయడం వచ్చిన మనిషికి మాటలు అరగదీయడం రాదు.

వచ్చే ఆదివారం రానే వచ్చింది. కుడివైపు దారిలో మళ్ళీ స్కోరు పడలేదు. ఆమె వచ్చి బిగించింది. ఆ పై ఆదివారం కూడా అంతే. అలా నాలుగు ఆదివారాలు. ఆమె ప్రతిసారీ అద్దం జరిపి, వంగి, ఒక్క క్షణం ఆగి, బిగించేది. డబ్బు ఇవ్వబోతే, "ఇంత చిన్నపనికా?" అనేది. తర్వాత గంటసేపు వాన తగ్గే దాకా కూర్చునేది. వాన తగ్గాక ఇంకో గంట.

వానాకాలం చివరి వారంలో కొనే పెద్దమనిషి వచ్చాడు. ఇంట్లో పదకొండు మెషిన్లున్నాయట. టార్చి తెచ్చుకున్నాడు. అద్దం, కాళ్ళు, చెక్క, గుంటలు అన్నీ నిదానంగా చూశాడు. మెకానిక్ రాసిచ్చిన కాగితం చదివాడు. రెండొందల ఎనభై ఆటలు, లోపమేమీ లేదు, ధర ఇంత, కింద ఆమె సంతకం.

"చాలా బాగుంది. ఒక్కసారి డైరీ చూద్దాం," అన్నాడు.

"డైరీనా?" అన్నాడు అబ్బాయి.

"కొత్త మెషిన్లన్నిటికీ ఉంటుంది బాబూ. ఎన్ని ఆటలు ఆడారు, ఏ స్విచ్ ఎప్పుడు పనిచేయలేదు, తేదీ, టైముతో సహా రాసుకుంటుంది."

అబ్బాయి ముఖం పాలిపోయింది. మెకానిక్ కిటికీవైపు తిరిగింది.

పెద్దమనిషి బటన్లు నొక్కాడు. చిన్న తెర మీద అక్షరాలు కదిలాయి. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చదివాడు.

"కుడివైపు దారి స్విచ్. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఆగింది, ఆదివారం పదకొండున్నరకి పనిచేసింది. మళ్ళీ శనివారం తొమ్మిది. మళ్ళీ ఆదివారం... నాలుగు వారాలు వరసగా ఆగిపోయింది." ఆయన కాగితాన్ని మడిచి మెకానిక్ వైపు చాపాడు. "ఏమ్మా, లోపమేమీ లేదని సంతకం పెట్టావు. వైరింగులో ఏదో పెద్ద జబ్బే ఉంది. నీ మాట మీద ఇప్పటికి ఏడు మెషిన్లు కొన్నాను."

అబ్బాయి ఆమెనే చూస్తున్నాడు. తను నోరు మెదపకపోతే దుకాణం పోతుంది, నిజమే. కానీ దుకాణం సంగతి ఆ క్షణంలో అతనికి గుర్తు రాలేదు. ఈ గదిలోంచి ఆ అమ్మాయి తన మాటకి విలువ పోగొట్టుకుని వెళ్తుంది. రేపట్నుంచి ఆమెని ఎవరూ పిలవరు.

"జబ్బు మెషిన్‌ది కాదండీ," అన్నాడు. "నాది."

"అంటే?"

"శనివారం దుకాణం కట్టేసి వచ్చాక ఆ స్క్రూ నేనే వదులు చేసేవాణ్ణి."

"ఎందుకయ్యా?"

అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. "ఆదివారం ఆవిడ వస్తారని."

మెషిన్ మాత్రం తనకేం పట్టనట్టు దీపాలు వెలిగించి ఆర్పుతోంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దమనిషి వెంటనే నమ్మలేదు. ప్రేమ కథలకంటే ఆయనకి డైరీ మీద నమ్మకం ఎక్కువ. "ఏదీ, నా కళ్ళముందు చెయ్యి," అన్నాడు.

అబ్బాయి తన సన్నటి స్క్రూడ్రైవరుతో మూడు చుట్లు వదులు చేశాడు. బంతి వెళ్ళింది, స్కోరు పడలేదు, డైరీలో కొత్త వరస పడింది. మళ్ళీ మూడు చుట్లు బిగించాడు. స్కోరు పడింది. పెద్దమనిషి పదిసార్లు బంతి తోలి చూశాడు. పదిసార్లూ పడింది.

"కాగితంలో రాసిన ధరే ఇస్తాను," అన్నాడు చివరికి. "ఆ డైరీ మాత్రం చెరపను. నా పదకొండు మెషిన్లలో ఒక్కదానికీ ఇలాంటి చరిత్ర లేదు."

మనుషులు మెషిన్‌ని బండిలోకి ఎక్కిస్తుంటే అబ్బాయి, మెకానిక్ వీధి మెట్ల మీద నిలబడ్డారు. చినుకులు పడుతున్నాయో లేదో తెలియనంత సన్నగా పడుతున్నాయి.

"మీ పేరు పోయేదే నావల్ల. క్షమించండి."

"ఆయన ఆటల లెక్క చూసి ఊరుకుంటారనుకున్నాను. అంత లోపలికి వెళ్తారనుకోలేదు."

"అంటే... మీకు ముందే తెలుసా?"

"తనంతట తాను వదులైన స్క్రూ ఒకసారి అర చుట్టు, ఒకసారి చుట్టున్నర తిరుగుతుంది. ఇది ప్రతిసారీ సరిగ్గా మూడు. అంత కొలత ప్రకారం పాడయ్యే మెషిన్ని నేనెక్కడా చూడలేదు."

"మరి తెలిసీ ఎందుకొచ్చారు?"

"బిగించడానికి," అంది. తర్వాత అతనివైపు తిరిగి, మొదటిసారి మీరు మానేసి, "నువ్వు అడిగి ఉంటే స్క్రూ అరిగేది కాదు కదా," అంది.

ఆ నెలాఖరుకి దుకాణం తాళాలు అబ్బాయి చేతికొచ్చాయి. తెరిచిన మూడో రోజు, మెకానిక్ ఒక పెద్దాయనని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "మా నాన్న. దూరం సరిగ్గా ఆనడం లేదంటున్నారు."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. బరువైన పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టించుకుని, గోడ మీది అక్షరాలు చదివాడు. అబ్బాయి ఒక్కో అద్దం మార్చి, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అని అడుగుతున్నాడు. మెకానిక్ ఫ్రేముల అల్మరా ముందు నిలబడి, తనకి అక్కర్లేని కళ్ళజోళ్ళన్నీ పెట్టుకుని చూసుకుంటోంది.

"ఇది?" అన్నాడు అబ్బాయి.

పెద్దాయన గోడవైపు చూడటం మానేసి అతని ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. దుకాణం బయట ఎవరో గొడుగు దులుపుకుంటున్న చప్పుడు వినపడింది.

"ఇది ఉంచెయ్యి బాబూ," అన్నాడు. "ఇంతకీ మీ అమ్మగారు ఇంట్లో ఏ వేళప్పుడు తీరిగ్గా ఉంటారు?"