ఆరువేల ఆసామి కూతురు

"ఎలిజిబుల్ కాదమ్మా. తీసుకుపో."

కౌంటరు కిటికీలోంచి కాగితం బయటికొచ్చిన వేగానికి, మునిలక్ష్మి పట్టుకోకపోయుంటే అది వరండాలో నిలిచిన వాననీళ్ళలో పడేది. దాని మీద అడ్డంగా ఎర్ర సిరా గీత.

సత్యవేడు పక్క పల్లె నుంచి తిరుపతికొచ్చి బి.ఎస్సి.లో చేరి పన్నెండు రోజులైంది. స్కాలర్‌షిప్ వస్తే హాస్టల్లో అన్నం. రాకపోతే ట్రంకు పెట్టె సర్దుకోవడమే.

"ఎందుకు కాదు సార్?"

"మీ నాయన ఏడాది ఆదాయం ఆరు వేలు. పరిమితి దాటింది. తర్వాత ఎవరు?"

ఏడాదికి ఆరు వేలంటే పెద్ద రాబడి అయిన రోజులవి. కిటికీ వెనకున్నవాడి పేరు ధనంజయ. కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్పుల గుమాస్తా. పాతికేళ్ళు కూడా ఉండవు గానీ, పాతికేళ్ళుగా అదే కుర్చీలో కూర్చున్నట్టు ముఖమంతా విసుగు.

మునిలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎంతిస్తే ఎలిజిబుల్ అవుతాది సార్?"

వెనకున్న క్యూ ముందుకి వంగింది. ధనంజయ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

"ఏమన్నావు?"

"మీ చెవులు గూడా పరిమితి దాటినాయా? ఎంతియ్యాల అని అడిగినా."

ఎవరో కిసుక్కుమన్నారు. ధనంజయ కాగితం లాక్కుని ఆమె ముఖం ముందర పెట్టాడు.

"సూడమ్మా, ఆరువేల ఆసామి కూతురా! సొంత భూమి అన్న చోట ఏముండాది? చదువు."

"లేదు అని ఉండాది."

"దాని కింద?"

"కోరు సేద్యం."

"ఇంకొకరి చేను కోరుకు చేసి, సగం పంట ఆయనకి కొలిచేవాడికి ఆరు వేలు యాడ్నించి వస్తాది? శెనగ చెట్లకి నోట్లు కాస్తాండాయా?"

మునిలక్ష్మి కాగితం మీదికి వంగింది. నిజమే కదా! ఆదాయం సర్టిఫికెట్టు వచ్చిందన్న సంబరంలో ఆ అంకె ఎవరూ చూడనేలేదు.

"నా మీద ఎగిరితే ఏమొస్తాది? ఈ అంకె ఎవరు చెప్పినారో ఆయన మీద ఎగురు. మళ్ళా విచారణ చేయించి, తాసిల్దారు పచ్చ సిరా సంతకంతో కొత్తది తీసుకురా. శనివారం సాయంత్రం అయిదుకి రిజిస్టరు మూస్తా. డబ్బులు తీసుకొస్తే మాత్రం వరండా ఎక్కొద్దు!"

ఊరి బస్సులో కూర్చున్నాక కాగితం చూసుకుంది. ఎర్ర గీత పక్కన చిన్న అక్షరాలతో 'సవరణకు' అని రాసి ఉంది. తిరస్కరించలేదన్నమాట. ఆమెకి ఇంకా మండింది. ఆ ముక్క నోటితో చెప్పి చావొచ్చు కదా!

* * *

"నాయనా, ఆరు వేలని ఎవరు చెప్పింది?"

"నేనే," అన్నాడు కుప్పయ్య, ఎద్దుకి చొప్ప వేస్తూ.

"ఎందుకట్ల చెప్తివి?"

"విచారణకొచ్చిన రెవెన్యూ ఆర్.ఐ. సారు టీ అంగడి కాడ అడిగినాడు. పక్కనే దామోదరం కూసోనుండాడు."

దామోదరం, కుప్పయ్యకి పెద్దనాయన కొడుకు. అయిదెకరాల సొంత మడి ఉన్నవాడు. ఇద్దరికీ పుట్టినప్పటి నుంచీ పోటీ.

"ఆ దాయాది ముందర తక్కువ చెప్పుకుంటానా?"

"నీ మీసానికి నా చదువు ఖర్చు పెడితివా నాయనా?"

"నోరు ముయ్!"

"ముయ్యను. కోరుకు చేసేదానికి లేని సిగ్గు చెప్పేదానికి ఎందుకు?"

రెండు రోజులు తండ్రీ కూతుళ్ళకి మాటల్లేవు. ఆ ఇంట్లో సంగటి ముద్ద ఒక్కటే మెత్తగా ఉండింది.

మునిలక్ష్మి పెట్టుకున్న అర్జీ మీద మూడోనాడు ఆర్.ఐ. మళ్ళీ టీ అంగడి దగ్గర సైకిలు దిగాడు. పిలిచినట్టు దామోదరం కూడా హాజరయ్యాడు.

"ఏం కుప్పయ్యా, ఆరు వేలూ అప్పుడే కరిగిపోయినాయా?"

కుప్పయ్య టీ గ్లాసు బల్ల మీద కొట్టాడు. టీ సగం దామోదరం పంచె మీద పడింది.

"రాసుకో సారూ. నాకు సెంటు భూమి లేదు. కోరు పోంగా మిగిలేది వెయ్యిన్నర, అదీ వానొస్తే. ఇంగొకటి గూడా రాసుకో. నా బిడ్డ బి.ఎస్సి. చదవతాది. ఏం దామోదరం, ముగ్గురు కొడుకులుండారే, ఒకడన్నా పదో తరగతి దాటినాడా?"

అంగడి వెనక నిలబడి వింటున్న మునిలక్ష్మి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

* * *

తాసిల్దారు సంతకం శనివారం పగలు పన్నెండుకి గానీ పడలేదు. బస్సు పుత్తూరు దాటగానే టైరు పోయింది. తిరుపతిలో కుండపోత వాన. కాగితాన్ని జాకెట్టులో దాచుకుని మునిలక్ష్మి కాలేజీ వరండా ఎక్కేసరికి అయిదున్నర.

కిటికీలన్నీ మూసి ఉన్నాయి, ఒక్కటి తప్ప.

"అయిదన్నానా, అయిదున్నరన్నానా?" అరిచాడు ధనంజయ.

"టైరు పోతే నేను దొబ్బుకోని రావాలా బస్సుని?"

"రిజిస్టరు మూయలేదని సూపరింటెండెంటుతో తిట్లు తిన్నా. మధ్యాన్నం నుంచి అన్నం గూడా లేదు."

"ఎవరు తినొద్దన్నారు?"

"తినేదానికి పోతే నువ్వొస్తావేమోనని..." మాట మింగేసి కాగితం లాక్కున్నాడు. పచ్చ సిరా సంతకం చూశాడు. అంకె చూశాడు. బిగుసుకున్న భుజాలు దిగాయి. ఫారం నింపడం మొదలుపెట్టాడు. "పెండ్లయిందా?"

"ఏమన్నారు?"

"ఫారంలో ఉండాది. అయితే మొగుడి ఆదాయం రాయాల."

"కాలేదు!"

ధనంజయ రాశాడు. కలం ఆగింది. "ఇప్పుడప్పుడే చేసుకోవద్దు."

"అది గూడా ఫారంలో ఉండాదా?"

"లేదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం కోపంగానే ఉంది. "నా జీతం పరిమితి దాటతాది. నీ స్కాలర్‌షిప్ పోతాది. మూడేండ్లు నేను నోరు తెరవకూడదు. అందుకే చెప్తాండా."

చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఈసారి అతను 'అమ్మా' అని ఒక్కసారి కూడా అనలేదని ఆమెకి అప్పుడు తోచింది.

"తెరవకూడదంటూనే తెరిస్తిరి గదా?" అంది కసురుతూ.

ధనంజయ తడబడి ముద్ర వేశాడు. అది తలకిందులుగా పడింది.

"ముద్ర సరిగ్గా వెయ్యండి సార్. ఇంగ వినండి. డిగ్రీ అయినాంక మా ఊరికి రండి. టీ అంగట్లో మా నాయన మీ జీతం అడగతాడు. దామోదరం పెదనాయన గూడా ఉంటాడు." వరండా మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగింది. "ఒక్క రూపాయి ఎక్కువ చెప్పినా ఊరుకోను!"